కూలియు, కూలీయు

కుందలహళ్ళి యను పేరులోని 'హళ్ళి' మన 'పల్లె'యే. పకారము హకారముగా మారుట కన్నడభాషా చరిత్రలో ప్రసిద్ధమైన మార్పు. మాట మారినట్లే ఊరును మారినది. బెంగుళూరునకు తూర్పున వైట్‌ఫీల్డు మార్గమందున్న యీ పల్లె చుట్టును గడచిన ముప్పది యేండ్లలో కార్యాలయములు, నివాసభవనములు వెలసినవి. 2023 మార్చి నుండి మెట్రోరైలు గూడ ఇచ్చట నాగుచున్నది. ఈ భవనములలో గూర్చుండి పనిచేయువారిలో తెలుగువారు పెక్కురు. వీనిని గట్టినవారిలోను తెలుగువారు గలరు. ఒకే జిల్లానుండి, ఒక్కొక్కప్పుడు ఒకే తాలూకానుండి వచ్చినవారిలో ఒకరు తీసికొనునది జీతము, మరియొకరు తీసికొనునది కూలి. రెండును చేసిన పనికి రావలసిన ప్రతిఫలమే. కాని వార్తాపత్రికను తెరచినచో ఈ యిరువురికిని గల భేదము అక్షరరూపమున గానవచ్చును. మొదటివానికి ప్రమాదము సంభవించినచో అతని పేరు, వయస్సు, స్వగ్రామము, ఉద్యోగము, చదివిన కళాశాల మున్నగునవన్నియు ముద్రితమగును. రెండవవాడు సారువపైనుండి పడి మరణించినచో తరచుగా 'ఇద్దరు కూలీలు' అనియో 'ముగ్గురు కూలీలు' అనియో లెక్క మాత్రమే ముద్రితమగును.

ఇది పత్రికలవారి దయాశూన్యత యని మే మనుటలేదు. ఒక మాటకు బట్టిన గతి యిది. ఆ గతిని దెలిసికొనుట భాషాభిమానులకు వినోదము మాత్రమే కాదు. చేసిన పనికి కూలి రాని లక్షలాది జనులకు సంబంధించిన విషయము.

తెలుగున 'కూలి' యనగా మనిషి కాదు. కూలి యనగా పనికి మూల్యము. కుట్టుకూలి, నేతకూలి, మోతకూలి, కోతకూలి యనునవి మన యిండ్లలో నేటికిని వాడుకలో నున్న మాటలు. దర్జీవానికి కుట్టుకూలి యిచ్చినంతమాత్రమున దర్జీని 'కూలీ' యని ఎవరును పిలువరు. పని చేయువానిని జెప్పవలసినచో 'కూలివాడు', 'కూలిమనిషి' అని వేరుమాట చేర్చుట మన సంప్రదాయము. బ్రౌను దొరవారి నిఘంటువునందును 'కూలి'కి వేతనమనియే ప్రధానార్థము. అరవమునను, కన్నడమునను గూడ అంతే. కన్నడపత్రికలలో కానవచ్చు 'దినగూలి' మన దినకూలియే.

ఈ మాటకు ఎదురుమాట 'వెట్టి'. కూలి లేక చేయించుకొను పని వెట్టి. నిజాము రాజ్యమునందలి తెలంగాణములో 1930లో జోగిపేటయందు ప్రారంభమైన ఆంధ్రమహాసభ కాలమునుండి వెట్టిచాకిరి నిర్మూలనము ప్రజల ప్రధానమైన కోరికలలో నొకటిగా నుండెను. సురవరము ప్రతాపరెడ్డిగారి గోలకొండ పత్రిక ఆ కాలమున తెలుగువారి గోడును వెల్లడించుచుండెను. వెట్టికిని కూలికిని గల దూరమే దాస్యమునకును స్వాతంత్ర్యమునకును గల దూరము. కూలి యను మాటలో ఒక హక్కు ఇమిడియున్నది. న్యాయవాదుల భాషలో జెప్పవలెనన్న, పని చేసి కూలి కొరకు నిలుచుండిన మనుష్యుడు ఋణదాత; పని చేయించుకొన్నవాడు ఋణస్థుడు. ఊరిలో ఇతర ఋణదాతల కందరకును గౌరవము గలదు. వీనికి మాత్రమేల లేదు?

లేకపోవుటకు గల కారణములలో నొకటి యా మాట సముద్రము దాటి మరల వచ్చుట. ఆంగ్లేయులు ఈ పదమును పనివానికే పేరుగా బెట్టిరి. 1886లో వెలువడిన యూలు, బర్నెలు పండితుల 'హాబ్సన్ జాబ్సన్' కోశము దీని పుట్టుకను జర్చించుచు, గుర్జరదేశమందలి కోలీజాతి పేరొకవైపు, దక్షిణదేశపు 'కూలి' మరియొకవైపు నిలిపినది. పుట్టుక యేదైనను, ఫలితము స్పష్టము: మూల్యమునకు పేరైనది మనుష్యునకు పేరైనది. చీనావారు ఈ మాటను తమ లిపిలో వ్రాసికొన్నప్పుడు 'చేదైన బలము' అను అర్థము వచ్చు రెండక్షరములను వాడిరి. ఇకారమునకు దీర్ఘమిచ్చి 'కూలీ' యని మన పత్రికలు నేడు మనిషి పరముగా వాడునది ఈ విధముగా తిరిగివచ్చిన మాటయే. హ్రస్వదీర్ఘముల ఈ భేదము అంతటను నియతము కాకున్నను, పలుకుబడి యా దిక్కునకే పోవుచున్నది.

ఆ తిరుగుప్రయాణమున నేమి జరిగెనో చూతము. 1860 నవంబరు 16వ తేదీన 'ట్రూరో' యను ఓడ చెన్నపట్టణమునుండి బయలుదేరి నెటాలులోని డర్బను రేవు చేరినది. చెరకుతోటలలో పనిచేయుటకై ఒప్పందముపై వచ్చిన మున్నూటికి పైబడిన జనులందులో నుండిరి. అరవవారును తెలుగువారును గలరు. డర్బనునందలి పత్రిక ఆ దినపు దృశ్యమును సవిస్తరముగా వర్ణించినది. చిక్కి శల్యమైన జనులు దిగుదురని యెదురుచూచిన ప్రేక్షకులు వారి ఆకారమును జూచి ఆశ్చర్యపడిరని వ్రాసినది. వర్ణన బాగుగనే యున్నది. పేర్లు మాత్రము లేవు. అచ్చట దిగినది 'కూలీలు'. కాని ఆ ఓడల పట్టికలను జూచినచో ప్రతిమనిషికిని పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, గ్రామము వ్రాయబడి యున్నవి. మనిషి పారిపోయినచో పట్టుకొనుటకు సర్కారునకు ఆ వివరములు గావలసివచ్చినవి. పాఠకునకు గావలెనని పత్రిక తలంపలేదు. నేడు దక్షిణాఫ్రికాలోని తెలుగు కుటుంబములవారు తమ పూర్వుల గ్రామములను వెదకునప్పుడు అక్కరకు వచ్చుచున్నవి ఆ పట్టికలే గాని, నాటి పత్రికావార్తలు గావు.

మాట ఒకమారు మనిషికి అంటుకొన్న పిదప వృత్తితో నిమిత్తము లేకపోయెను. 1893లో నెటాలు చేరిన గాంధీమహాత్ముడు తన్ను 'కూలీ బారిస్టరు' అనిరని ఆత్మకథలో వ్రాసికొనెను. వర్తకుడు 'కూలీ వర్తకుడు' అయ్యెను. 1903లో వెలువడిన 'ఇండియన్ ఒపీనియన్' పత్రిక మొదట ఆంగ్లమున, గుజరాతీలో, హిందీలో, అరవములో అచ్చయినది, తెలుగున లేదు. తోటలలో నున్న తెలుగువాని మాట ఇతరుల భాషలోనే లోకమునకు జేరవలసివచ్చెను.

కొందరిట్లనవచ్చును: 'పత్రికలు సంక్షేపముగా వ్రాయవలెను గదా; వందలమంది పేర్లు వ్రాయుట సాధ్యమా?' సాధ్యము గాదు. కాని పేరు వ్రాయలేనిచోట కూలిని వ్రాయవచ్చును. అట్లు వ్రాసినప్పుడు ఫలితము గలుగునని చూపుటకు మన చరిత్రలోనే నిదర్శనమున్నది.

1876 మొదలు 1878 వరకు మద్రాసు రాజధానిని, మైసూరు సంస్థానమును మహాక్షామము పీడించినది. బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు దారుణముగా దెబ్బతినెను. క్షామనివారణపు పనులలో కూలి యెంత యుండవలెనను ప్రశ్న వచ్చినది. 1877 ప్రారంభమున ఇండియా ప్రభుత్వము పంపిన సర్ రిచర్డు టెంపుల్ దొర దినమునకు ఒక పౌను ధాన్యమును, కొలదిపాటి కాసులును చాలునని నిర్ణయించెను. మద్రాసు రాజధాని ఆరోగ్యశాఖాధిపతియైన డాక్టరు కార్నిష్ దొర ఆ కూలితో మనిషి పనిచేసి బ్రతుకజాలడని వాదించెను. ఆ వాదము పత్రికలకెక్కెను. మద్రాసు టైమ్సు సంపాదకుడైన విలియము డిగ్బీ తరువాత 1878లో క్షామచరిత్రను పెద్దగ్రంథముగా వ్రాసెను. నాటి చర్చలో 'కూలి' యనగా పౌనులలోను అణాలలోను తూచదగిన వస్తువు. తూచదగినది గనుకనే దానిని ప్రశ్నింపగలిగిరి. ప్రశ్నింపగలిగినందుననే ప్రభుత్వము దానిని పెంపవలసివచ్చెను. అప్పటికే అసంఖ్యాకులు మరణించిరి. ఆ మేలు ఆలస్యముగా వచ్చినది. అయినను మాటను దాని స్వస్థానమున వాడిన పత్రికారచన ఏమి చేయగలదో ఆ ఘట్టము చూపుచున్నది.

ఇందుకు విరుద్ధమైన నిదర్శనము రంగూనుది. కాకినాడ ప్రాంతమునుండి బర్మాకు వలసపోయిన తెలుగువారిని అచ్చట 'కొరంగీలు' అని పిలుచుచుండిరి. గోదావరి ముఖద్వారమందలి కోరంగి రేవుపేరు మనుష్యులకు పేరైనది. మేస్త్రీల ద్వారా బయానా పుచ్చుకొని పోయి, రేవులలో మూటలు మోసినది వీరు. 1930 మే నెలలో రంగూను రేవునందు పనిచేయు తెలుగువారు కూలి పెంపుదల కొరకు సమ్మె కట్టిరి. ఓడల కంపెనీలవారు వారికి మారుగా బర్మీయులను పనిలో బెట్టుకొనిరి. తరువాత సమ్మె పరిష్కారమై పాతవారిని తీసికొని క్రొత్తవారిని పొమ్మనగా కలహము రేగినది. మే 26వ తేదీన మొదలైన ఆ మారణకాండలో వందకు మించి జనులు మరణించిరి, అధికసంఖ్యాకులు తెలుగువారు. లోకమునకు అది జాతులకొట్లాటగా, 'కూలీల అల్లరి'గా తెలిసినది. ఒకరి కడుపు కొట్టి మరియొకరికి, ఆ వెనుక ఆతనిని త్రోసి మొదటివానికి పని యిచ్చిన పద్ధతి ఎవరిది, పెంచుమనిన కూలి యెంత, ఇచ్చుటకు నిరాకరించినదెవరు అను ప్రశ్నలు వెనుకబడినవి. కూలిని గూర్చిన తగవు కూలీలను గూర్చిన కథగా మారినప్పుడు ఋణస్థుడు రంగస్థలమునుండి తప్పుకొనును. ఇరువురు బీదవారు మాత్రమే మిగులుదురు.

శాసనములును ఈ పక్షపాతమునకు దోడ్పడెను. 1859వ సంవత్సరపు 13వ ఆక్టు ప్రకారము బయానా పుచ్చుకొని పని మానిన పనివానిని మేజస్ట్రేటు జైలునకు బంపవచ్చును. పని చేయించుకొని కూలి యెగవేసిన యజమానికి ఆ శాసనమున శిక్ష లేదు. ఒకే ఒప్పందమున ఒకరి తప్పు నేరము, మరియొకరి తప్పు కేవలము సివిలు వ్యాజ్యము. ఆ ఆక్టు 1925లో రద్దు చేయబడు వరకు, ఆరుపదులకు పైబడిన కాలము, మన మేజస్ట్రేటు కోర్టులలో అమలునందుండెను. కోర్టువార్తలలో పారిపోయిన కూలీ కనబడినంతగా పాతబడిన కూలిబాకీ కనబడకపోవుటలో వింత యేమున్నది?

1918 ఏప్రిలులో చెన్నపట్టణమున మద్రాసు లేబరు యూనియను స్థాపింపబడెను. దానికి నాయకుడైన వాడియాగారిపై బిన్నీ కంపెనీవారు హైకోర్టులో ఇంజంక్షను పొందిరి. ఆ వ్యాజ్యము రేపిన కలవరమే 1926 నాటి ట్రేడుయూనియను చట్టమునకు మార్గము చూపినది. ఆ దశాబ్దములలోనే 'కార్మికుడు', 'శ్రామికుడు' అను మాటలు తెలుగుపత్రికలలో స్థిరపడినవి. సంఘము గలవాడు కార్మికుడయ్యెను. సంఘము లేనివాడు, నేటి పని నేడు, రేపటి పని దైవాధీనము అనుకొనువాడు, కూలీగనే మిగిలెను. మిల్లుకార్మికునకు కోరికలపట్టిక యుండును, నాయకుని పేరుండును, పత్రికలో ఒక వాక్యమైనను అతని నోట వెడలును. కూలీకి తరచుగా ప్రమాదము మాత్రమే యుండును.

1982వ సంవత్సరమున జరిగిన రెండు సంగతులను పాఠకులు జ్ఞప్తికి దెచ్చుకొందురు గాక. ఆ జూలైలో ఈ బెంగుళూరునందే, విశ్వవిద్యాలయ ప్రాంగణమున, 'కూలీ' యను హిందీ చలనచిత్రము తీయుచుండగా అమితాబ్ బచ్చనుగారికి ప్రాణాపాయకరమైన దెబ్బ తగిలినది. దేశమందలి పత్రికలు ఆయన ఆరోగ్యస్థితిని దినదినము ప్రకటించినవి; కోట్ల ప్రజలు ప్రార్థించిరి. అది యుచితమే. ఆ సెప్టెంబరులోనే సుప్రీముకోర్టు ఢిల్లీలో ఆసియా క్రీడలకై మేడలు కట్టుచున్న నిజమైన కూలివాండ్ర విషయమున తీర్పు చెప్పెను. కనీసపు కూలికంటె తక్కువ యిచ్చి పని చేయించుకొనుట రాజ్యాంగము 23వ అధికరణమున నిషేధించిన నిర్బంధపుచాకిరి క్రిందకే వచ్చునని జస్టిస్ భగవతిగారు విధించిరి. అనగా, చట్టము నిర్ణయించిన కూలి యియ్యనిచో అది కూలి కానేరదు, వెట్టి యగును. మన పూర్వుల పలుకుబడిలో కూలికిని వెట్టికిని నడుమనున్న గీతను ఉన్నతన్యాయస్థానము మరల గీసినది. దేశమునకు మాత్రము ఆ యేడు 'కూలీ' యనగా నటునివేషమే జ్ఞాపకము.

మాటను మార్చినచో మేలు గలుగునని తలంచువారును గలరు. 2016 రైల్వే బడ్జెటులో మంత్రివర్యులైన సురేష్ ప్రభుగారు స్టేషనులలోని కూలీలను ఇకమీదట 'సహాయకులు' అని పిలువవలెనని ప్రకటించిరి. పిలుపులో మర్యాద వచ్చుట మంచిదే. కాని రైల్వేవారు వారికి జీతమియ్యరు. ప్రయాణికు డిచ్చునదే వారి జీవనము. పేరు మారిన మరుసటిదినమున మూట బరువు తగ్గలేదు, కూలి పెరుగలేదు. కావున 'కూలీ' యను మాటను నిషేధించుటయే గొప్ప సంస్కారమని మేము నమ్మజాలము. మాటను తొలగించి లోపమును నిలుపుట సులభము. మాటను దాని పూర్వార్థమునకు దెచ్చి లోపమును బయటపెట్టుట కష్టము. కాని చేయవలసిన పని యదియే.

2020లో కరోనా వ్యాధి కారణమున మార్చి 25 నుండి దేశము స్తంభించినప్పుడు 'వలసకూలీలు' అను మాట ప్రతిదినమును పత్రికల మొదటిపుట నాక్రమించెను. నడచిపోవువారి ఛాయాచిత్రములు చదువరుల హృదయములను కరగించెను. మే 8వ తేదీన ఔరంగాబాదు సమీపమున పట్టాలపై నిద్రించిన 16 మంది గూడ్సుబండి క్రింద నలిగి మరణించిరి. ఆ వారమే ఈ కర్ణాటక రాజధానిలో జరిగినది మరువదగినది గాదు. గృహనిర్మాణ వ్యాపారులతో సమావేశమైన పిదప రాష్ట్రప్రభుత్వము పనివారి స్వస్థలములకు బోవు రైళ్ళను వలదని రైల్వేవారికి వ్రాసెను. నలువైపులనుండి విమర్శలు రాగా రెండు మూడు దినములలోనే మరల రైళ్ళు కావలెనని కోరెను. మేడలు పూర్తి కావలెను గనుక మనుష్యులను నిలుపవలెనను ఆ యాలోచనలో 1859 నాటి ఆక్టు ఛాయ లేదని యెవరనగలరు?

ఆ దినములలో అసలు ప్రశ్న కూలి. కేంద్రప్రభుత్వము మార్చి 29వ తేదీన మూతబడిన కాలమునకును పూర్తివేతనము చెల్లింపవలెనని ఆజ్ఞాపించి, మే 18 నుండి ఆ యాజ్ఞను ఉపసంహరించెను. జూను 12వ తేదీన సుప్రీముకోర్టు యజమానులును పనివారును సంప్రదింపులతో తేల్చుకొనవలెనని చెప్పెను. ఊరు విడిచి వందలమైళ్ళు నడచిపోయినవాడు ఎవనితో గూర్చుండి సంప్రదించును? అతడు నడచుచున్నాడని దేశమెరుగును. అతనికి రావలసిన బాకీ యెంత, ఆ బాకీదారుడెవరు అను సంగతి నెరిగినవారు అరుదు. కన్నీటికి కారణమైన వార్త కోర్టులో సాక్ష్యముగా నిలువలేదు. ఏలన అందు పేరు లేదు, మొత్తము లేదు, ఋణస్థుడు లేడు.

ఇందుచే మా సూచన సామాన్యమైనది. కూలీని గూర్చి వ్రాయు ప్రతి వార్తయందును మూడు సంగతు లుండవలెను. మొదటిది, ఆ మనుష్యుని పేరును ఊరును. రెండవది, అతని దినకూలి యెంత, ఎన్నిదినములది రావలసియున్నది. మూడవది, ఇయ్యవలసినదెవరు. ప్రమాదవార్తలో మూడవసంగతి మరింత ముఖ్యము. 1923 నుండియు పనివారి నష్టపరిహారమునకు చట్టమున్నది గాని, బాధ్యుని పేరు తెలియక పరిహారమును పొందుట యెట్లు? విలేఖరికి ఇందులకై పట్టునది రెండు నిమిషముల విచారణ.

చదువరులకును కర్తవ్యమున్నది. కుందలహళ్ళిలో నివసించు మన విద్యావంతులలో పెక్కురు ఏదో యొక సంఘమునందో, కార్యాలయమునందో పని చేయించు స్థానమున నున్నవారు. రంగులు వేయించుటకు, గోడలు కట్టించుటకు, పారిశుద్ధ్యమునకు, కావలికి కాంట్రాక్టరును నియమించి చెక్కు వ్రాసి యిచ్చుటతో తమ పని తీరినదని తలంతురు. 1970 నాటి కాంట్రాక్టు లేబరు చట్టము తన పరిధిలోనికి వచ్చు సంస్థలలో కాంట్రాక్టరు కూలి యెగవేసినచో అసలు యజమానియే చెల్లింపవలెనని విధించినది. 2020 నాటి సంహితయందును ఆ సూత్రము నిలిచియున్నది. చట్టపు అంకెకు మన సంఘము లోబడినను లోబడకున్నను, ధర్మము మాత్రము అందరకును వర్తించును. తక్కువధరకు టెండరు వేసిన కాంట్రాక్టరును జూచి సంతసించునప్పుడు, ఆ తగ్గింపు ఎవరి కూలినుండి వచ్చెనని అడుగుట మన విధి. అట్లడుగుటకు ధనము అక్కరలేదు. సర్వసభ్యసమావేశములో లేచి నిలుచుండి ఒక ప్రశ్న వేయుటయే చాలును.

అరవవారును, కన్నడిగులును, మనమును పంచుకొనిన మాట యిది. దీర్ఘము తీసి పలికినప్పుడు అది యెదుటివానిని చిన్నచేయును. హ్రస్వముగా పలికినప్పుడు అది మన చేతిలోని బాకీని జ్ఞప్తికి దెచ్చును. రేపటి పత్రికలో 'కూలీ' యను మాట కంటబడినప్పుడు అతని కూలి యెంత, అది ముట్టినదా యని పాఠకులు అడుగుదురు గాక. పది మంది చదువరు లడిగిన ప్రశ్నను ఏ సంపాదకుడును చిరకాలము త్రోసిపుచ్చజాలడు.